చావింటి ముందు బ్యాండు

నా మీద ఒక నింద ఉంది. సినిమాకి సంగీతం చెయ్యమని పిలిస్తే, అసలైన చోట సంగీతం చెయ్యకుండా ఖాళీ వదిలేశాడని. అడిగితే ఎదురు తిరిగాడని. చేతికొచ్చిన పేరును కాలదన్నుకుని బస్సెక్కి ఊరికి పోయాడని. ఆ మాట మోసినవాళ్ళలో కొందరు ఇప్పుడు పెద్ద సంగీత దర్శకులు. నేను నారాయణఖేడ్‌లో బస్సు డిపో వెనక వీధిలో, ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునే పాత బ్యాండు మాస్టర్ని. నింద అబద్ధమని చెప్పడానికి ఇది రాయడం లేదు. అందులో ప్రతి మాటా నిజమే. అది నింద కాదని చెప్పడానికి రాస్తున్నాను.

ఈమధ్య మీలాంటి పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. ఫోన్లో తాము చేసిన బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వినిపించి, ఎలా ఉంది సార్ అంటారు. బాగానే ఉంటుంది. కానీ ఎక్కడా ఊపిరాడదు. మనిషి తలుపు తీస్తే వయొలిన్, తలుపు వేస్తే వయొలిన్. ఎందుకురా అంటే, ఖాళీగా ఉంటే పని చెయ్యలేదనుకుంటారు సార్ అంటారు. మీకోసమే ఈ కథ.

మా నాన్న పెళ్ళిళ్ళ బ్యాండు పెట్టినప్పుడు పెద్ద డ్రమ్ము తోలు మీద ఎర్ర రంగుతో ‘జాజ్ బ్యాండ్’ అని రాయించాడు. హైదరాబాద్‌లో ఏదో డ్రమ్ము మీద చూసి, చూడ్డానికి బాగుందని రాయించాడట. జాజ్ అంటే ఏమిటో ఆయనకి తెలియదు, రాసిన పెయింటర్‌కీ తెలియదు. మనూర్, సిర్గాపూర్ వైపు పల్లెల్లో చాలామంది అది మా ఇంటిపేరనుకునేవారు. ‘జాజోళ్ళను మాట్లాడుండ్రి, మంచిగ వాయిస్తరు’ అని ఒకరికొకరు చెప్పుకునేవారు.

అదేమిటో తేల్చుకుందామని వయసులో ఉండగా సికింద్రాబాద్ పోయాను. అక్కడ ఒక క్లబ్బులో డాన్సులకి శాక్సఫోన్ వాయించే ముసలి మాస్టరు ఉండేవాడు. ఆయన బూట్లు తుడవడంతో మొదలుపెట్టి, కొన్నేళ్ళకి ఆయన పక్కన కూర్చుని వాయించేదాకా వచ్చాను. ఆయన నేర్పిన దాంట్లో నాకు మిగిలింది ఒకటే. పాట ఒక చుట్టు. అందరూ కలిసి ఒకసారి చుట్టి వస్తారు, తర్వాత ఒక్కొక్కరికీ వంతు. ఎవడి వంతులో వాడు మనసుకి తోచినట్టు ఎటైనా పోవచ్చు. మిగతావాళ్ళు మాత్రం లోపల ఆ చుట్టు నడుపుకుంటూనే ఉండాలి. వంతు ఎక్కడ ముగుస్తుందో ఎవరూ చెయ్యి ఊపి చెప్పరు. నోట్లో శాక్సఫోన్ పీక లేనప్పుడు కూడా నువ్వు వాయిస్తూనే ఉన్నావు వెధవా అని, వచ్చీరాని హిందీలో అనేవాడు.

క్లబ్బులో డాన్సులు ఆగిపోయాక నా శాక్సఫోన్ తీసుకుని ఊరికొచ్చేశాను. నాన్న పోయాక బ్యాండు నా చేతికొచ్చింది. డ్రమ్ము మీద రాసుకున్నందుకైనా నిజం చెయ్యాలని, అందులో వంతులు పెట్టాను.

క్లారినెట్ వాయించే పెద్దాయన నాన్న కాలం మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. అందరం చాచా అనేవాళ్ళం. సైడ్ డ్రమ్ము వాయించేవాడిది మనూర్ వైపు పల్లె, ఇంట్లో కన్నడం. మహా కోపిష్టి. కొంచెం స్పీడయింది అని నేనంటే చాలు, పుల్లలు కింద పెట్టి ‘నా చేతికి నువ్వు చెప్తవా?’ అని లేచేవాడు. వీళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, సికింద్రాబాద్ విద్య అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. చాచా చివరిదాకా విని గడ్డం గోక్కున్నాడు.

“గిదానా జాజంటే? గింత మాట కోసం గంత దూరం పోయినవా బేటా? సచ్చినోళ్ళ ఇంటి ముందటికెళ్ళి పోయేటప్పుడు మనం జేసేది గిదే గదా.”

ఆయన అన్నది నిజమే. మా వైపు బ్యాండ్లలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళి ఊరేగింపు దారిలో ఆరోజు చావు జరిగిన ఇల్లు తగిలితే, బ్యాండు నడక ఆపదు, వాయింపు ఆపుతుంది. ఊదేవాళ్ళు పీకలు పెదాల మీంచి తీసేస్తారు. పెద్ద డ్రమ్మువాడు తోలు మీద అరచెయ్యి ఆనించి పట్టుకుంటాడు. సైడ్ డ్రమ్ము ఒక్కటే, ఇనుప అంచు మీద పుల్లతో, అడుగులకి సరిపడా టక్, టక్ అని మెల్లగా కొడుతుంది. ఇల్లు దాటి మలుపు తిరిగాక అందరూ ఒక్కసారిగా ఎత్తుకుంటారు. అయితే ఆపిన చోటినుంచి ఎత్తుకోరు. ఆపకుండా వాయించి ఉంటే పాట ఈపాటికి ఎక్కడికి చేరేదో, అక్కడినుంచి ఎత్తుకుంటారు. అంటే పాట ఆగలేదు. ఆ ఇంటివాళ్ళకి వినపడకుండా నడిచింది. ఇది ఎవరు పెట్టారో తెలియదు, మా నాన్నకి ముందునుంచే ఉందట.

ఊళ్ళో టాకీసులో సినిమా ఆడించే ఆపరేటరు తల్లి పోయిన రోజు, మేమొక ఊరేగింపుతో వాళ్ళ సందులోంచి పోవాల్సి వచ్చింది. ఇంకో దారి లేదు. ఇల్లు కనపడగానే చాచా క్లారినెట్ దించాడు, అందరం దించాం. పెళ్ళికొడుకు మేనమామ గుర్రం పక్కనుంచి పరుగెత్తుకొచ్చాడు.

“ఏయ్ మాస్టర్, ఏందీ, బంద్ జేసిండ్రు? లగ్గం పూట బ్యాండు ఆగితే మంచిగుంటదా? వాయించుండ్రి!”

సైడ్ డ్రమ్మువాడు తల కూడా తిప్పలేదు. “ఆగలే. నడుస్తనే ఉన్నది. నీకు వినపడ్తలేదు.”

అరుగు మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్న ఆపరేటరు, చప్పుడు తగ్గడం విని తలెత్తాడు. మమ్మల్ని వరసగా ఒక్కొక్కరినీ చూశాడు. మేము తలలు వంచుకుని నడిచిపోయాం. మలుపు తిరిగాక పాట ఎత్తుకున్నాం, మేనమామ నోరు మూతపడింది. కొన్నాళ్ళకి ఆపరేటరు మేము సాధన చేసుకునే బ్యాండు ఇంటికొచ్చి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. తర్వాత మాలో ఎవరు సినిమాకి పోయినా, పైన తన మిషను గదిలో స్టూలు వేసి కూర్చోబెట్టేవాడు.

ఇక టీవీ. రెండువేల రెండో, మూడో. హైదరాబాద్‌లో సీరియళ్ళు తీసే నిర్మాత ఒకాయన, బంధువుల పెళ్ళికి నారాయణఖేడ్ వచ్చి, చౌరస్తాలో మా వంతులు విన్నాడు. నన్ను పిలిచి సీరియల్‌కి సంగీతం చేస్తావా అన్నాడు. చేస్తానన్నాను. పొద్దున మొదటి బస్సుకి పోవడం, సాయంత్రం బస్సుకి రావడం. సీరియల్ సంగీతమంటే మీకు తెలియనిదేముంది? అత్తగారు తల తిప్పితే ఒక ఢాం. అదే తలను కెమెరా ఇంకో వైపునుంచి చూపిస్తే ఇంకో ఢాం. కోడలు ఏడిస్తే ఫ్లూటు. నాకు సిగ్గేమీ లేదు, ఏళ్ళ తరబడి అన్నం పెట్టింది. పని కూడా నేర్పింది. కానీ ఆ నిర్మాతకి ఖాళీ అంటే భయం. ఒక్క క్షణం చప్పుడు లేకపోతే జనం చానల్ మార్చేస్తారని ఆయన నమ్మకం. సీరియల్‌లో నేను ఆ నమ్మకానికి అడ్డు చెప్పలేదు. అత్తగారి తల ఎవరి గడపా కాదు.

ఆ సీరియల్‌కి పనిచేసిన కుర్రాడొకడు డైరెక్టరయ్యాడు. ఆ నిర్మాతే అతనితో సినిమా తీస్తానన్నాడు, సంగీతం నాదే. ఒకరోజు డిపో ముందు హోటల్లో చాయ్ తాగుతూ ఆ కుర్రాడికి చావింటి పద్ధతి చెప్పాను. గ్లాసు కింద పెట్టేశాడు.

“మాస్టారూ, ఇది నాకిచ్చెయ్యండి,” అన్నాడు.

కథలో పెట్టుకున్నాడు. హీరో పెళ్ళి ఊరేగింపు, అతను జన్మంతా పగబట్టిన మనిషి చనిపోయిన ఇంటి ముందునుంచి పోతుంది. బ్యాండు ఆగిపోతుంది. ఆ చప్పుడు లేనితనంలో హీరోకి మొదటిసారి తన పగ మీదే అనుమానం పుడుతుంది. సినిమా మొత్తానికి అదే గుండెకాయ.

షూటింగు మా ఊళ్ళోనే, ఊరేగింపులో నడిచేది మా బ్యాండే. ఇంటికోసం సందులన్నీ తిరిగాం. చావింటిగా చూపిస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? చివరికి ఆపరేటరు ముందుకొచ్చాడు. ఆయన భార్య లోపలినుంచి అరిచింది, మంచిగున్న ఇంటిని సావిల్లని సూపెడ్తరా అని. ఆపరేటరు గుమ్మం వైపు తిరిగి గట్టిగానే జవాబిచ్చాడు.

“మా అమ్మ గీ ఇంట్లనే పోయింది. ఇగ కొత్తగ సూపెట్టేదేముంది?” తర్వాత నా వైపు తిరిగాడు. “తీసుకోండ్రి మాస్టర్. గని ఒక్క మాట. మా గడప ముందట వాయించొద్దు. సినిమాల గూడ.”

“వాయించం,” అన్నాను.

“మాటనా?”

“మాట.”

డైరెక్టరు కూడా ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. అంతేకాదు, సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు ‘నారాయణఖేడ్ బ్యాండు’ అని విడిగా వేయిస్తానన్నాడు, నిర్మాత కూడా సరేనన్నాడు. సైడ్ డ్రమ్మువాడు ఆ సంగతి మనూర్ దాకా ఎక్కిన ప్రతి ఆటోలోనూ చెప్పాడు.

బ్యాండు రికార్డింగుకి హైదరాబాద్ వెళ్ళిన రోజు సంగతి చెప్పకపోతే, ఇప్పుడు లేని చాచా కూడా నన్ను వదలడు. నేను ముందు లోపలికి పోయి సౌండు ఇంజనీరుతో మాట్లాడుతున్నాను. ఎంతసేపైనా మావాళ్ళు రారు. బయటికొచ్చి చూస్తే, అందరూ వాయిద్యాలు నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని గోడవార నిలబడి ఉన్నారు. ఎదురుగా గోడకి ఒక పెద్దాయన ఫోటో. తాజా పూలదండ, దీపం, అగరొత్తులు. పక్కన స్టూడియో మేనేజరు బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

“ఏమైంది చాచా?”

“ఎవరో పోయిండ్రు గదా బేటా. ఇయ్యాల గీడ ఎట్ల వాయిస్తం? రేపొద్దాం తియ్యి.”

ఫోటోలో ఉన్నది స్టూడియో కట్టించినాయన. పోయి చాలా ఏళ్ళయింది. మేనేజరు ఆ మాటే చెప్పాడు.

“మరి పూలు తాజాగున్నయి?” సైడ్ డ్రమ్మువాడు అనుమానంగా అడిగాడు.

“రోజూ మారుస్తామండీ.”

“అంటే లోపట ఎవ్వరు ఏడుస్తలేరా?”

“ఎవరూ ఏడవట్లేదండీ,” అన్నాడు మేనేజరు, తనే ఏడ్చేలా.

లోపలికి వచ్చాక ఇంకో తంటా. కుర్చీల్లో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, టిక్ టిక్ మని లెక్క వినిపించారు. సైడ్ డ్రమ్మువాడు అది తీసి అవతల పెట్టాడు. “నా చెవుల వేరేటోడు కొడ్తుండు. నాతోని గాదు,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నడుస్తూ వాయించినవాళ్ళు, కూర్చోబెడితే పాట కూలబడింది. కుర్చీలు తీయించేశాను. చెప్పులు విప్పించి, మైకు మధ్యలో పెట్టి, తెర మీద బొమ్మ చూస్తూ హాలు చుట్టూ నడవమన్నాను. ఇంజనీరు గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. పాట లేచింది.

తెర మీద ఆపరేటరు ఇల్లు రాగానే మావాళ్ళు పీకలు దించారు. ఇంజనీరు మిషను ఆపేశాడు. “ఏమైంది, ఎందుకాపారు?” ఆపలేదయ్యా, అది పాటలో భాగం అన్నాను. మళ్ళీ మొదలు. మళ్ళీ అదే చోట, అలవాటు కొద్దీ, అతని చెయ్యి బటన్ మీదికి పోయింది. మూడోసారి నేను పక్కన నిలబడి అతని చెయ్యి పట్టుకున్నాను. అంచు మీద పుల్ల చప్పుడు, ఉత్త కాళ్ళ అడుగులు, అంతే. తెర మీద ఊరేగింపు మలుపు తిరగగానే అందరూ కలిసి ఎత్తుకున్నారు. ఆ రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. శాక్సఫోన్ ముసలాయన బతికుంటే వినిపించేవాణ్ణి, ఇంకో తిట్టు తినేవాణ్ణి.

ఇక అసలు రోజు. మాటలు, సంగీతం, చప్పుళ్ళు అన్నీ కలిపే చివరి పని నడుస్తోంది. చీకటి గదిలో నిర్మాత, డైరెక్టరు, నేను, ఇంజనీరు. మా సందు వచ్చింది. నిర్మాత ముందుకి వంగాడు.

“మాస్టారూ, ఇక్కడ సౌండేదీ?”

“ఇంతే సార్. ఇది చావిల్లు.”

“అది తెలుసండీ. ఇక్కడ జనం ఏడవాలి. నాలుగు వయొలిన్లు, వెనకాల ఒక ఆడగొంతు. ఖాళీగా వదిలేస్తారేంటి?”

“బ్యాండు చావింటి ముందు వాయించదు సార్.”

“వాయించొద్దు! బ్యాండు వాయించమన్నానా? ఇది బ్యాక్‌గ్రౌండు. కథలో ఉన్నవాళ్ళకి వినపడదు.”

“ఆ గడప మీద కూర్చున్నోడు రేపు హాల్లో ఉంటడు. ఆయనకు వినపడ్తది.” కోపం వస్తే నా నోట్లోంచి స్టూడియో తెలుగు పోయి మా ఊరు వస్తుంది. ఆ రోజూ అలాగే వచ్చింది.

నిర్మాత నవ్వాడు. చెడ్డవాడు కాదాయన. తను నమ్మింది తను చెప్పాడు. “మీకు థియేటర్ సంగతి తెలియదు. సౌండు పోయిందనుకుని ఆపరేటర్‌ని కొడతారు మాస్టారూ! మీ ఊళ్ళోనే కొడతారు, చూసుకోండి.”

“మా ఊళ్ళ కొట్టరు.”

డైరెక్టరు వైపు చూశాను. మాటిచ్చిన కుర్రాడు తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. మొదటి సినిమా. అతన్ని నేను అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ ఆ చెప్పులు నాకింకా గుర్తున్నాయి.

“మీరు చేస్తారా, కీబోర్డు వాయించే అబ్బాయి ఉన్నాడు, వాణ్ణి పిలవనా?” అన్నాడు నిర్మాత.

“పిలువుండ్రి. నా పేరు తీసేయుండ్రి.”

“ఇక్కడ తీస్తే బ్యాండు పేరూ ఉండదు, సీరియల్ పనీ ఉండదు. ఆలోచించుకోండి.”

“నేను గా ఇంటాయనకు మాటిచ్చిన సార్. ఆలోచించేదేముంది?”

ఇంతే జరిగింది. లేచి వచ్చేశాను. మీరు అనుకునేలాంటి పెద్ద డైలాగులేమీ లేవు. బస్సు సంగారెడ్డి దాటేదాకా కోపంగానే ఉన్నాను. కోపమొక్కటే అని రాసుకోవచ్చు, భయం కూడా ఉంది. ఏళ్ళపాటు కట్టుకున్న పని ఒక పూటలో కూలింది, భయమెందుకు ఉండదు? కానీ వెనక్కి పోదామని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

ఊళ్ళో దిగి తిన్నగా బ్యాండు ఇంటికి పోయి జరిగింది చెప్పాను. నా పేరుతోపాటు బ్యాండు పేరూ తీసేస్తారని కూడా చెప్పాను. సైడ్ డ్రమ్మువాడు లేచి నిలబడ్డాడు.

“నీ పేరు నువ్వు తీసేసుకుంటివి. మా పేరు తియ్యమని ఎవడన్నడు? అడిగినవా మమ్ముల?”

“అడగలే. అడిగితే ఏమంటుంటివి?”

వాడు డ్రమ్ము భుజానికి తగిలించుకుని బస్టాండు వైపు పోయాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి వచ్చేవాడు, వాయించేవాడు, నాతో మాట్లాడేవాడు కాదు. ఆరోజు వాడు వెళ్ళాక చాచా అన్నాడు, “వాడు గూడ తియ్యమనే అంటుండె. గని అడగాలె గదా బేటా. వాని వంతు వానికి ఇయ్యాలె.” వంతులు నేర్పినవాణ్ణి నేను.

ఆపరేటరు దగ్గరికి కూడా పోయాను. ఆయన మిషను గదిలో రీలు చుడుతున్నాడు.

“నీకిచ్చిన మాట నిలవలే. గాడ వయొలిన్లు పెడ్తుండ్రు,” అన్నాను.

“నువ్వు పెట్టినవా?”

“లేదు. ఇడిసిపెట్టొచ్చిన.”

“మరి నీ మాటకేమైంది? మంచిగనే ఉన్నది.” ఆయన రీలు మీంచి కళ్ళెత్తలేదు. “బొమ్మ రానియ్యి.”

వచ్చింది. మ్యాట్నీకి ఊరు ఊరంతా హాల్లోనే ఉంది. సినిమా కోసం కాదు, తెర మీద తమని తాము చూసుకోవడానికి. నేను, చాచా పక్కపక్కన కూర్చున్నాం. సైడ్ డ్రమ్మువాడు మాకు ముందు వరసల్లో ఎక్కడో వేరుగా కూర్చున్నాడు. పేర్లు పడ్డాయి. సంగీతం అన్నచోట కీబోర్డు అబ్బాయి పేరు. బ్యాండు పేరు లేదు. నా వెనక ఎవరో ‘జాజోళ్ళ పేరేదిరా?’ అన్నారు.

ఊరేగింపు వచ్చింది. హాలంతా ఈలలు. ‘గదిగో మా బావ’, ‘గదిగో నా అంగి’ అని కేకలు. సందు మలుపు, అరుగు, ఆపరేటరు ఇల్లు. తెర మీద చాచా క్లారినెట్ దించాడు. హాలు కూడా ఎవరూ చెప్పకుండానే మెత్తబడింది. అప్పుడు లేచాయి వయొలిన్లు. వాటి మీద ఆడగొంతు, ఆ... అంటూ.

కొంచెంసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నేల క్లాసులోంచి ఒక ముసలావిడ గొంతు లేచింది.

“ఏయ్! పీనుగింటి ముందట ఏందిరా గది? బంద్ జెయ్యుండ్రి!”

“బంద్ జెయ్యిరా!” ఇంకొకడు. “బంద్ జెయ్!” అటునుంచి, ఇటునుంచి, బాల్కనీ లోంచి. తెరనే తిట్టారు మావాళ్ళు. ఏ పెళ్ళి మేనమామనో తిట్టినట్టు తిట్టారు.

టక్కున సౌండు పోయింది.

వెనక్కి తిరిగి చూడలేదు నేను. చూడక్కర్లేదు. హాల్లో ఒక్క మనిషి కదల్లేదు. పైన మిషను తిరిగే గరగర మాత్రం వినిపిస్తోంది. తెర మీద మేము తలలు వంచుకుని నడుస్తున్నాం. వయొలిన్లతోపాటు మా అడుగుల చప్పుడు, పుల్ల చప్పుడు కూడా పోయాయి. అప్పుడు చీకట్లో, ముందు వరసల్లోంచి మొదలైంది. టక్. టక్. టక్. కుర్చీ ఇనుప చెయ్యి మీద ఉంగరంతో. తెర మీద పడే ప్రతి అడుగుకీ సరిగ్గా.

చాచా నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాడనుకున్నాను, కాదు. ఆయన వేళ్ళు నా ముంజేతి మీద క్లారినెట్ రంధ్రాలు మూస్తూ తెరుస్తున్నాయి. పాట నడుస్తూనే ఉంది. నేనూ లోపల అందుకున్నాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

ఇల్లు దాటింది. మలుపు తిరుగుతుండగా పైన ఆపరేటరు సౌండు పెంచాడు. పాట ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, ఒక్క అడుగు అటూ ఇటూ కాలేదు. హాలు పైకప్పు లేచిపోయేలా అరిచారు జనం.

బయటికొచ్చాక సైడ్ డ్రమ్మువాడు సైకిల్ స్టాండు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు. నా మొహం చూడకుండా అడిగాడు.

“నడక సరిగ్గ పడ్డదా?”

“నీ చేతికి నేను చెప్తనా?” అన్నాను.

ఆ సినిమా మా ఊళ్ళో ఎన్నాళ్ళు ఆడిందో అన్నాళ్ళూ, ప్రతి ఆటకీ ఆ సందు రాగానే ఆపరేటరు సౌండు దించాడు. నాలుగు రోజులకి హాల్లో అందరూ కుర్చీల మీద టక్ టక్ మనడం నేర్చుకున్నారు. మిగతా రాష్ట్రమంతా వయొలిన్లే విన్నది. మీరు ఎక్కడ చూసినా వయొలిన్లే వినిపిస్తాయి. నా సంగీతం నారాయణఖేడ్‌లో చూసినవాళ్ళకే తెలుసు. అది చాలు నాకు. చాలదని ఎవరైనా అంటే వాళ్ళ ఖర్మ.

సీరియల్‌వాళ్ళు మళ్ళీ పిలవలేదు. తర్వాత ఊళ్ళోకి డీజే బండ్లు వచ్చాయి. చాచా పోయాడు. ఆయన ఇంటి ముందు మేము పీకలు దించి, అంచు మీద పుల్లతో నడిచాం. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు బ్యాండు మూసేశాను. ఎర్ర అక్షరాల డ్రమ్ము ఇంకా మా ఇంట్లోనే ఉంది.

కాబట్టి పిల్లలూ, ఖాళీ వదిలితే పని చెయ్యలేదంటారని భయపడకండి. అననివ్వండి. నన్నూ అన్నారు, ఇంకా అంటూనే ఉన్నారు. ఇక ఒక్క మాట ఆ నిర్మాతకి. అయ్యా, మీరిది ఎక్కడైనా చదువుతుంటే తెలుసుకోండి. ఆ మ్యాట్నీ అయ్యాక జనం మిషను గది మెట్ల కింద గుమిగూడిన మాట నిజమే. ఆపరేటరు దిగి వచ్చిన మాటా నిజమే. ఆయనకి దారిచ్చారు. చాయ్ ఇప్పించారు. ఎవరూ కొట్టలేదు.